దాత విగ్రహం సరే, పిల్లల కాగితాలెక్కడ?

ఏ అనాథాశ్రమం చరిత్ర తీసినా ముందు దాత ఫొటో, తర్వాత శంకుస్థాపన తేదీ, ఆపైన భవనం వైభోగం. అక్కడ పెరిగిన పిల్లల ఊసే ఉండదు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్‌నే తీసుకోండి. పేరుకు హాస్పిటల్ గానీ, అది దిక్కులేని పసిపిల్లల ఆశ్రమం. దాన్ని పెట్టిన థామస్ కోరమ్ గొప్పవాడే, కాదనను. ఓడలు కట్టించిన మనిషి. వీధుల్లో పారేసిన పసికందులను చూసి ఊరుకోలేక, 17 ఏళ్లు గొప్పోళ్ల గడపలు ఎక్కి దిగి 1739లో రాజుగారి అనుమతి సాధించాడు. చిత్రకారుడు హోగార్త్ ఆశ్రమానికి బొమ్మలు గీసిచ్చాడు, సంగీతకారుడు హాండెల్ కచేరీలు చేసి డబ్బు పోగుచేశాడు.

మరి పిల్లలు? చేర్చుకోగానే అమ్మ పెట్టిన పేరు తీసేసి కొత్త పేరు పెట్టేవారు. ఎప్పటికైనా తిరిగొస్తే గుర్తు చెప్పి బిడ్డను తీసుకెళ్లొచ్చని తల్లులు ఏదో ఒక ఆనవాలు వదిలి వెళ్లేవారు. గీతలు గీసిన నాణెం, గౌను అంచు నుంచి కత్తిరించిన గుడ్డముక్క, ఒకరైతే హేజెల్ కాయ డొప్ప! అంతకుమించి ఇవ్వడానికి ఆ తల్లి దగ్గర ఏమీ లేదేమో. వాటిని బిడ్డ కాగితాలతో చుట్టి సీలు వేసేవారు, బిడ్డకు మాత్రం చూపించేవారు కాదు. తల్లులు తిరిగొచ్చి తీసుకెళ్లిన పిల్లలు బహు కొద్దిమంది.

1860ల్లో ఆ పొట్లాలు విప్పి, కొన్ని ఆనవాళ్లను జనం చూడటానికి ప్రదర్శనలో పెట్టారు. దాంతో ఏది ఏ బిడ్డదో లంకె తెగిపోయింది. ఆ తర్వాత ఎప్పటికో పరిశోధకులు పాత రిజిస్టర్లన్నీ గాలించి కొన్నింటిని మళ్లీ జతచేయాల్సి వచ్చింది. ఎంత అన్యాయం!

భవనం ఏమైంది? 1920ల్లో అమ్మేశారు, కూల్చేశారు. చుట్టుపక్కల జనం పోరాడబట్టి కొంత నేలైనా పిల్లల ఆటస్థలంగా మిగిలింది. ఇప్పటికీ అక్కడ వెంట పిల్లలు లేకుండా పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. నాకు ఆ రూల్ భలే నచ్చింది.

గోడలు పోయినా రిజిస్టర్లు దాచారు కాబట్టే ఆ పిల్లల గురించి ఇవాళ ఈమాత్రమైనా తెలుస్తోంది. అందుకే అనాథాశ్రమాలకు ఉత్సవాలు చేసేవాళ్లందరికీ చెబుతున్నా. విగ్రహానికి పూలదండ వేయండి, వద్దనను. కానీ ముందు బీరువాలో రిజిస్టర్లకు చెదలు పట్టిందేమో చూడండి, స్కాన్ చేయించండి. అక్కడ పెరిగిన మనిషి అరవై ఏళ్ల వయసులో వచ్చి తన కాగితం అడిగితే, ఆఫీసు చుట్టూ తిప్పకుండా చేతిలో పెట్టండి.