అరిగిన పళ్లు, అరగదీసే డాక్టర్లు

మా నాయినకు ముందుపళ్లు ఆరు అరిగాయి. చిన్నప్పుడు బొగ్గుపొడితో తోమిన పళ్లు. ఆపైన యాభై ఏళ్లు ఫ్లోరైడ్ నిండిన మర్రిగూడ బోరు నీళ్లు.

నల్లగొండలో ఒక క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టర్ చూసి తీర్పు చెప్పాడు: "పళ్లు అరిగాయి అంకుల్. అరగదీయాలి." ఆరింటికీ రూట్ కెనాల్, ఆరింటికీ జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి తెల్ల పదార్థం) క్యాపులు, పైన పదేళ్ల వారంటీ కార్డు.

"జర పైన ఏదన్న అంటించరాదు డాక్టర్ సాబ్?" అన్నాడు నాయిన.

పట్టుచీరల షోరూంలో జాకెట్టు ముక్క అడిగినట్టు చూశాడు డాక్టర్. "ప్లేస్ లేదు అంకుల్, కింది పళ్లు తగులుతాయి."

తగలనీ! ముందుపళ్లను ఎత్తు పెంచితే వెనక పళ్ల మధ్య సందు పడుతుందని, కొన్ని నెలల్లో అవే కదిలి కలవొచ్చని నార్వే డాక్టర్ డాల్ 1975లోనే చూపించాడు. పంటిని యాసిడ్‌తో గరుకు చేసి అంటించే విద్య 1955 నుంచి ఉంది. కాంపోజిట్ అనే పంటి రంగు ముద్ద పూసి నీలం లైటు పెడితే గట్టిపడుతుంది. పెచ్చు ఊడొచ్చు, రంగు మారొచ్చు. మళ్లీ పూసుకోవచ్చు. అదే క్యాపు కోసం చెక్కితే పైకి కనిపించే పంటిలో మూడింట రెండు వంతుల దాకా పోతుంది. అది ఏ కార్డు చూపించినా తిరిగి రాదు.

బస్టాండు పక్కన మోచీకి ఈ శాస్త్రం తెలుసు. మడమ దగ్గర చెప్పు అరిగిందని ఇస్తే తిప్పి చూస్తాడు, అరిగినంత మేర తోలు ముక్క కోస్తాడు, బంక రాస్తాడు, నాలుగు మేకులు కొడతాడు. "ప్లేస్ లేదన్నా, కాలు జర చెక్కాలె" అనడు. మడమకు ఎక్స్‌రే రాయడు. మంచిగున్న రెండో చెప్పును కూడా మ్యాచింగ్ కోసం కోద్దామనడు.

నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. ఇప్పుడు రెండో నల్లగొండ టెక్నిక్ వచ్చినట్టుంది: ఫ్లోరైడ్ మిగిల్చిన పన్నును డాక్టర్ తీయడం. పసుపు పళ్లని పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని కూర్చున్న తరం ఇది. ఆ సిగ్గును పట్టుకుని ఆరు క్యాపులు అమ్ముతారా? చదువుకున్నది దీనికేనా? పూత సంగతి తెలియక చెప్పలేదంటే ఆ సర్టిఫికెట్ గోడ మీద నుంచి దించండి. తెలిసీ చెప్పలేదంటే మీకంటే దారిదోపిడీ వాడు నయం, వాడు అంకుల్ అనడు.

తిరిగొచ్చేటప్పుడు నాయిన మోచీ ముందు స్టూలు మీద కూర్చుని చెప్పు కుట్టించుకున్నాడు. నలభై రూపాయలు. కార్డు ఇవ్వలేదు.