ట్రెడ్‌వేర్ 200 గారికి బహిరంగ లేఖ

టైరు పక్కగోడ మీద మన్నిక అంకెగా వెలసిన శ్రీ ట్రెడ్‌వేర్ 200 గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని నాకు తెలుసు. అరిగే చోట మీరు ఉండరు కదా! మొన్నటి ట్రాక్ డేలో, అంటే ఫీజు కట్టి సొంత కారును రేస్ ట్రాక్ మీద తోలే రోజున, ముందు టైరు బయటి అంచు మాత్రం ముక్కలుగా ఊడిపోయింది. మధ్యాహ్నం సెషన్లకు కూడా ఫీజు కట్టి ఉన్నాను. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని పక్కవాళ్ల కార్లు చూస్తూ కూర్చున్నాను.

కొనేటప్పుడు అందరిదీ ఒకటే మాట. "200 తీసుకో, ఆఫీసుకూ వస్తుంది, ఎప్పుడైనా ట్రాక్‌కీ వస్తుంది." బడ్జెట్ చూసుకునేవాడికి ఒక్క సెట్టుతో రెండు పనులు అంటే చెవులకు ఎంత హాయి! 100 అంటే ప్రమాణంగా పెట్టుకున్న టైరు, 200 అంటే దానికి రెట్టింపు మన్నిక అని లెక్క కూడా చెప్పారు.

ఆ లెక్క పుట్టిల్లు అమెరికాలోని టెక్సాస్. అక్కడి మామూలు రోడ్ల మీద సుమారు 11,600 కిలోమీటర్లు బుద్ధిగా తిప్పి అరుగుదల కొలుస్తారు. మలుపులో టైరు కేకలు పెట్టేదాకా తోలడం ఆ పరీక్షలో లేదు. పోనీ ఆ తర్వాత మీ అంకె వేసేది ప్రభుత్వమా అంటే, కాదు, టైరు చేసిన కంపెనీయే. పరీక్ష రాసిన పిల్లాడే పేపరు దిద్దుకుని మార్కులు వేసుకున్నట్టు.

ఇది చాలదన్నట్టు, కొన్ని పోటీల్లో 200కు తక్కువ అంకె ఉన్న టైర్లు వాడకూడదని నిబంధన. ఇంకేం, లోపల రబ్బరు ఎంత మెత్తగా ఉన్నా పైన మీ పేరే అచ్చవుతోంది. ఒక 200 రోడ్డును గట్టిగా పట్టుకుని కొద్ది ట్రాక్ డేలకే నున్నగా అవుతుంది. ఇంకో 200 ఏడాదంతా తిరుగుతుంది గానీ వేడెక్కగానే జారుతుంది. రెండింటి మీదా తమరే!

అసలు నువ్వు కొలిచేదేమిటయ్యా? ట్రాక్ మీద టైరును చంపేది కిలోమీటర్లు కాదు, వేడి. కొత్త టైరు గాడులు లోతుగా ఉంటే వాటి మధ్య ఉండే రబ్బరు దిమ్మలు మలుపులో ఊగుతాయి, ఊగినకొద్దీ వేడెక్కుతాయి, చివరికి చిరిగి ఊడతాయి. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ మిగిలిన రబ్బరు కాస్త గట్టిపడుతుంది. గాడి కనిపిస్తూనే ఉంటుంది, పట్టు ఉండదు. కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే వాలు) పెంచుకునే వీలులేని మామూలు కారైతే మలుపులో భారమంతా బయటి అంచు మీదే పడుతుంది. ఇందులో ఒక్క ముక్కయినా నీ మూడు అంకెల్లో ఉందా? నిన్ను చూసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు ఒకడుంటాడని కంపెనీకి తెలుసు, అంతే!

డ్రైవర్ తలుపు దగ్గరి ప్రెషర్ స్టిక్కర్ సంగతి సరేసరి. అది చల్లటి టైరుకు గాలి ఎంత కొట్టాలో చెప్పి నోరు మూసుకుంటుంది. ట్రాక్‌లో వేడికి ఆ గాలి ఎంత పెరిగినా దానికి పట్టదు. డిస్కౌంట్ అంటూ పాత స్టాకు అంటగట్టే దుకాణదారుకు కూడా ఒక దండం. తయారైన వారం, ఏడాది నాలుగు అంకెల్లో టైరు మీదే ఉంటాయి సామీ, మాకూ చదవడం వచ్చు.

అయినా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పొద్దున రబ్బరు సరిగ్గా కాగిన ఆ కొద్ది ల్యాపుల్లో, బ్రేక్ వదిలి స్టీరింగ్ తిప్పగానే కారు అనుకున్న గీత మీదే వెళ్లింది. అబ్బ, ఏం పట్టు! అది నీ గొప్ప కాదు, రబ్బరుది.

ఈసారి నా కారంత బరువున్న కార్లు తోలేవాళ్ల పాత టైర్ల అంచులు తడిమి చూసి మరీ కొంటాను. మిగిలిన డబ్బు బ్రేక్ ఆయిల్‌కు.

ఇట్లు,
మీ మాజీ భక్తుడు

తా.క.: టైరు మీద మీ పక్కింట్లో ఉండే తడి పట్టు గ్రేడు ఏఏ గారికి కూడా నమస్కారాలు చెప్పండి. తడి నేల మీద తిన్నగా వెళ్తూ బ్రేక్ పడితే తెచ్చుకున్న ర్యాంకు అది. ట్రాక్‌లో మలుపులు కూడా ఉంటాయని వారికి ఎవరైనా చెబితే బాగుండు.