గేదె వట్టిపోతుంది, కిస్తీ వట్టిపోదు

గ్రామీణ ఆర్థికాభివృద్ధికి మూలస్తంభం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా గేదె అని చెప్పండి. పొదుపు, సాధికారత, సమష్టి బాధ్యత, ఇవన్నీ దాని తర్వాతే. నమ్మకం కుదరకపోతే ఏ మండలానికైనా వెళ్లి, బ్యాంకు లింకేజీ కోసం, అంటే సంఘం పేరున బ్యాంకు అప్పు కోసం, డ్వాక్రా సంఘాలు రాయించుకున్న సూక్ష్మ రుణ ప్రణాళికలు తిరగేయండి. పదిమంది సభ్యుల్లో ఏడెనిమిది మందికి గేదె, ఒకరికి కుట్టుమిషను, మిగిలినవాళ్లకి కిరాణా కొట్టు. ఇన్నేళ్లుగా కాగితం మీద మంజూరైన గేదెలన్నీ నిజంగానే ఊళ్లోకి దిగి ఉంటే మనుషులు చెరువు గట్టున కాపురం పెట్టుకోవాల్సి వచ్చేది.

దీనికి ఆడవాళ్లను తప్పు పట్టకండి. సర్క్యులర్ చదవండి. రిజర్వు బ్యాంకు సర్క్యులర్ కఠినమైనదేమీ కాదు. ఇంటి రిపేరు, పిల్లల చదువు, ఎక్కువ వడ్డీకి తెచ్చిన బయటి అప్పు తీర్చడం, అన్నిటికీ ఒప్పుకుంటుంది. కాకపోతే సంఘం అప్పు 2 లక్షలు దాటితే అందులో సగం, 4 లక్షలు దాటితే 75 శాతం, 6 లక్షలు దాటితే 85 శాతం ఆదాయం తెచ్చే పనికే వాడాలంటుంది. అంటే 10 లక్షల అప్పు కావాలంటే ఎనిమిదిన్నర లక్షల రూపాయల గేదెలు కావాలి. ఇల్లు కురుస్తోందన్న మాట మిగిలిన లక్షన్నరలో సర్దుకోవాలి. రాసేది యానిమేటరు (సంఘాల పుస్తకాలు రాసే ఊరావిడ), చూసేది సీసీ (సంఘాలను పర్యవేక్షించే ఉద్యోగి), మంజూరు చేసేది బ్యాంకు. ఆ పశువు ఎక్కడా లేదని ముగ్గురికీ తెలుసు. నాలుగో వ్యక్తికి చెప్పకపోవడమే సమష్టి బాధ్యత.

డబ్బు సంఘం ఖాతాలో పడగానే ఇంకో అద్భుతం జరుగుతుంది. ప్రణాళికలో ఒకరికి 60 వేలు, ఒకరికి లక్షన్నర అని రాసి ఉంటుంది. పంపకం దగ్గర మాత్రం తలకు లక్ష. పట్నం నుంచి వచ్చిన నిపుణులు దీన్ని చూసి ఆర్థిక అవగాహన లేదని నిట్టూరుస్తారు. అవగాహన లేకేం? అప్పు సంఘం పేరున ఉంది, ఒకరు ఎగ్గొడితే తొమ్మిదిమంది కట్టాలి. పక్కావిడ రెండు లక్షలు తీసుకుంటే ఆమెకు పూచీ పడేది తక్కువ తీసుకున్నవాళ్లే. అందుకే సమానంగా పంచుకుంటారు. అవసరం లేని ఆమె కూడా తన లక్ష తీసుకుని, అవసరం ఉన్న ఆమెకే నూటికి రెండు రూపాయలకు తిప్పుతుంది. పేదరిక నిర్మూలనలో ఇది రెండో మెట్టు. మొదటి మెట్టు ఎక్కిన ఆమె కిందున్న ఆమెకు చెయ్యి అందిస్తుందన్నమాట.

ఇక నిజంగానే గేదెను కొన్న అమాయకురాలి సంగతి. అలాంటివాళ్లూ ఉన్నారు, వాళ్లకే కష్టం ఎక్కువ. లక్ష రూపాయలకు పూటకు నాలుగు లీటర్లిచ్చే ముర్రా వచ్చిందనుకోండి. సుమారు 300 రోజులు పాలిస్తుంది. చివరి నెలల్లో ఆ నాలుగు కాస్తా రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. మళ్లీ ఈనడానికి, ఈతకీ ఈతకీ మధ్య, దాదాపు 15 నెలలు. ఆ మధ్యలో అయిదు నెలలు గేదె తింటుంది, నెమరేస్తుంది, పాలివ్వదు. పాల కేంద్రం పదిహేను రోజులకోసారి వెన్న శాతం చూసి బిల్లు ఇస్తుంది. పాలే పోయకపోతే బిల్లెక్కడిది? కిస్తీకి మాత్రం వట్టిపోయే కాలం ఉండదు. పశుపోషణ తెలిసిన ఎవరినడిగినా ఒకటే చెబుతారు: అయిదారు నెలల తేడాతో రెండు గేదెలుంటేనే పాడి నిలుస్తుంది, ఒకటి వట్టిపోయే వేళకు రెండోది ఈనుతుంది. తలకు లక్ష పంచే చోట రెండో గేదె ఎక్కడి నుంచి వస్తుంది?

అప్పు వచ్చే ముహూర్తం కూడా గొప్పది. ఏడాది పొడుగునా నిదానంగా కదిలే ఫైలుకి మార్చి మూడో వారంలో రెక్కలొస్తాయి. బ్యాంకు టార్గెట్ మార్చి 31న ముగుస్తుంది, పచ్చగడ్డి కూడా దాదాపు అప్పుడే ముగుస్తుంది. ఎండలు ముదిరి, ఎండుగడ్డి రేటు పెరిగి, గేదెకు ఎద వచ్చినా పైకి కనబడని రోజుల్లో పశువును కొనిపించగల తెలివి ఒక్క మన రుణ ప్రణాళికకే ఉంది.

వడ్డీ లెక్క కూడా చూద్దాం. మన ఊళ్లలో వడ్డీ భాష రూపాయి. 'రూపాయి వడ్డీ' అంటే నెలకు నూటికి ఒకటి, ఏడాదికి 12 శాతం. లక్షకు, 36 నెలలకు, మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే నెలకు కిస్తీ 3,321 రూపాయలు. అదే రూపాయి వడ్డీని మొదటి లక్ష మీదే చివరిదాకా వేస్తే 3,778. పేరు ఒకటే, తేడా నెలకు 457 రూపాయలు, మూడేళ్లకు 16 వేల పైన. నిజమైన రేటు లెక్క తీస్తే 12 కాదు, 21 శాతం దాటుతుంది. సంఘం బ్యాంకుకు మొదటి పద్ధతిలో కట్టి, సభ్యుల దగ్గర రెండో పద్ధతిలో వసూలు చేస్తే ఆ తేడా ఎక్కడికి పోయిందో చెప్పాల్సింది పుస్తకం. పుస్తకం యానిమేటరు ఇంట్లో ఉంటుంది. యానిమేటరు మీటింగులో ఉంటుంది. ఆడిట్ రేపనగా ఆర్నెల్ల తీర్మానాలు ఒకే రాత్రి, ఒకే పెన్నుతో, ఒకే సిరాతో పుట్టుకొస్తాయి. హాజరు ఎప్పుడూ నూటికి నూరు. పురిటికి పుట్టింటికెళ్లిన ఆమె కూడా వచ్చి సంతకం చేసి వెళ్తుంది.

(దీనికి విరుగుడు ఉంది గానీ మరీ చౌక, అందుకే ఎవరూ ఇష్టపడరు. డబ్బు కట్టిన చోటే, అప్పుడే, సభ్యురాలి సొంత పాస్‌పుస్తకంలో రాయించుకోవడం. బ్యాంకుకు ప్రతినెలా ఒకే లీడరు కాకుండా ఇద్దరు వేర్వేరు సభ్యులు వెళ్లడం. రెండేళ్లకోసారి లీడర్లను మార్చడం. పక్కవాళ్ల పేరున లీడరే అప్పు వాడుకునే బినామీ బాగోతాలు ఈ మూడూ లేని సంఘాల్లోనే పుడతాయి.)

బ్యాంకుల వైపూ న్యాయంగా చూడాలి. 10 లక్షల వరకు సంఘాల నుంచి తనఖా అడగకూడదు, మార్జిన్ (సొంత వాటా) అడగకూడదు, పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు. ఇదీ అదే సర్క్యులర్‌లోదే. ఈ నియమం మీద గౌరవం కొద్దీ కొన్ని శాఖల్లో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పొదుపు డబ్బు తీసుకుంటామంటే "అప్పు తీరాక చూద్దాంలే అమ్మా" అంటారు. అప్పుతో పాటు ఒక బీమా పాలసీ కూడా ఆప్యాయంగా చేతిలో పెడతారు. మనుషులకు బీమా, గేదెకు బీమా. ఉన్న గేదె చచ్చిపోతే చెవికి ట్యాగు లేదంటారు. లేని గేదెకు ఆ బెడద లేదు, అది చావదు.

సంఘాలకు పుట్టుక లేకపోలేదు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద కొంగు బిగించింది కూడా ఆ రోజుల్లోనే. సారాకు పోయే రూపాయిని మిగుల్చుకుందామన్న మాట నుంచే జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. రోజుకో రూపాయి, నెలకు ముప్ఫై. అంత చిన్న మొత్తంలో ప్రభుత్వాలకు చోటు దొరకలేదు. అందుకని మొత్తం పెంచారు.

2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, 2012లో వడ్డీ లేని రుణం వచ్చింది. రెండూ మంచివే, ఒక చిన్న మెలిక తప్ప: ముందు వడ్డీతో సహా కట్టాలి, ఆ వడ్డీ తర్వాత వెనక్కి వస్తుంది. 'తర్వాత' అన్న మాటకు క్యాలెండరులో తేదీ లేదు. 2014 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో రుణమాఫీ మాట వినబడగానే కిస్తీలు ఆగాయి. ఆపినవాళ్లు తెలివైనవాళ్లు, కట్టినవాళ్లు వెర్రివాళ్లు అయ్యారు. చివరికి తలకు 10 వేల పసుపు-కుంకుమ, అదీ విడతలుగా. ఆ తర్వాతి ప్రభుత్వం ఆసరా పేరుతో నాలుగు విడతల్లో పాత బాకీ ఇచ్చింది. బాకీ లెక్క కట్టిన తేదీ 2019 ఏప్రిల్ 11. అది పోలింగ్ రోజు కావడం కాకతాళీయమని నమ్మేవాళ్లుంటే వాళ్లకు గేదె అప్పు ఇప్పించవచ్చు. ఆ తేదీకి ముందే బాకీ మొత్తం తీర్చేసిన సంఘాలకు నిజాయితీ మిగిలింది.

ఈ సందుల్లోంచే వారం వారం గడపకొచ్చే సూక్ష్మరుణ సంస్థలు దూరాయి. అప్పు ఎందుకో రాసే కారణం గడి గురించి వాళ్లెప్పుడూ బాధపడలేదు, ఇంటి చిరునామా చాలు. 2006లో కృష్ణా జిల్లా అధికారులు వాళ్ల శాఖలు కొన్ని మూయించారు. 2010 అక్టోబరులో వాళ్లను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. ఇప్పుడు ఆ పని ఫోన్లో యాప్ చేస్తోంది, దానికి గడప కూడా అక్కర్లేదు.

ఇంత జరిగినా సంఘంలో అధికారులు పెద్దగా చూడని పుస్తకం ఒకటి ఉంది: అంతర్గత అప్పుల లెడ్జరు. పదిమంది, తలకు నెలకు 100. ఆరు నెలలకు 6,000. అందులోంచి ఒకరికి 2,000 ఇస్తారు, రూపాయి వడ్డీ. మొదటి నెల వడ్డీ 20 రూపాయలు, అది సంఘానికే వస్తుంది. డబ్బు వాళ్లదే కాబట్టి ఎవరికెంత ఇవ్వాలో గుండ్రంగా కూర్చుని వాదులాడుకుంటారు. పోయిన నెల కట్టని ఆమెను మొహం మీదే అడుగుతారు. ఆ పుస్తకంలోనూ కారణం గడి ఉంది. పురుడు. బడి ఫీజు. నాట్ల కూలి. జ్వరం. ఒకచోట 'ఆయన ఆటో టైరు' అని కూడా ఉంటుంది. పేజీలు ఎన్ని తిప్పినా గేదె మాత్రం ఎప్పుడో ఒకసారి కనబడుతుంది. ఆ గేదెకు పాలుంటాయి.