కొండకి టైమ్ ఉంటే వెళ్దామట!

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా మరిది ఇప్పుడే నాగార్జునసాగర్ ప్లాన్ పెట్టాడు. చూసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. నేను అడిగిందేమిటి? పిల్లల పరీక్షలయ్యాయి, అందరం అలిసిపోయాం, కృష్ణ ఒడ్డున రెండు రోజులు హాయిగా ఉండి వద్దాం అన్నాను. అతను పెట్టిందేమిటి? తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో కారెక్కాలి. డ్యామ్, ఎత్తిపోతల జలపాతం, భోజనం, మళ్లీ డ్యామ్ దగ్గర ఫొటోలు, రాత్రికి ఇల్లు. జలాశయం మధ్యలో దీవిగా మిగిలిన, మ్యూజియం ఉన్న నాగార్జునకొండ పక్కన "టైమ్ ఉంటే" అని రాశాడు. పాత కట్టడాల్ని తెచ్చి నిలబెట్టిన ఒడ్డు మీది అనుపు ఊసే లేదు. అడిగితే, "అక్కడేముంటుంది వదినా, రాళ్లే కదా!" అన్నాడు.

రాళ్లే కదా! ఆ మాటకే నాకు కోపం నషాళానికి అంటింది.

శాతవాహనుల తర్వాత క్రీ.శ. 3వ శతాబ్దంలో ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయ నిండా బౌద్ధ విహారాలు, స్తూపాలు, గుళ్లు, మెట్ల స్నానఘట్టాలు. 1926లో శాసనాల పరిశోధకుడు రంగస్వామి సరస్వతి దాని ఆనవాళ్లు కనిపెట్టారు. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ఎలాగూ మునిగిపోతుందని తెలిసి, ఆరేళ్ల పాటు లోయంతా తవ్వారు. దొరికిన శిల్పాల్ని, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. మిగతాదంతా ఇప్పుడు నీళ్ల కిందే ఉంది. సాగర్ నీళ్లు వద్దని ఎవరంటారు? ఆ కాలవల కిందే లక్షల ఎకరాలు పండుతున్నాయి. కానీ అంత పెద్ద నగరాన్ని ముంచుకుని తెచ్చుకున్న నీళ్లు కదా, మిగిలిన నాలుగు రాళ్ల దగ్గర కాసేపు కూర్చోవడానికి కూడా మనకి తీరిక లేదా?

మనవాళ్లకి సాగర్ అంటే గేట్లు. ఇరవయ్యారు గేట్లూ ఎత్తారని టీవీలో వస్తే చాలు, రోడ్డు మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. నీళ్లు దూకడం చూడ్డం తప్పని నేననను, నాకూ ఇష్టమే. ఒడ్డుకొచ్చి అది తప్ప ఇంకేమీ అక్కర్లేదనుకోవడమే నాకు నచ్చదు. పోయినసారి లాంచీలో కొండకి వెళ్తుంటే ఒక బృందం బ్లూటూత్ స్పీకర్ పెట్టి దారి పొడుగునా డాన్సులు. ఎదురుగా నల్లమల, చుట్టూ నీళ్లు, మంచి గాలి. ఒక్కరు తలెత్తి చూస్తేగా! మ్యూజియంలోకి వచ్చీ అదే గోల. అక్కడ ఒక స్తంభం మీద శక సైనికుడి బొమ్మ ఉంటుంది, శకులంటే మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్లు. తల మీద టోపీ, ఒంటి మీద పొడుగు చొక్కా, చేతిలో ఈటె. ఎక్కడి మనిషి, ఎక్కడి కృష్ణ ఒడ్డు! లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ సున్నపురాతి మీద చొక్కా మడతలు కూడా తెలుస్తాయి. దానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయారు. వెనక ఏముందో చూడనైనా లేదు.

విశ్రాంతి కావాలంటే ఆ లోయకి ఎలా వెళ్లాలో చెప్తాను. సాయంత్రానికి కొండకి లాంచీలు బయల్దేరే విజయపురి సౌత్ చేరి అక్కడే ఉండిపోవాలి. పొద్దున మొదటి లాంచీకి కొండకి వెళ్లి తీరిగ్గా తిరగాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకోవాలి. ఎండ తగ్గాక అనుపు. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో చదరంగా నేల ఉన్న ఆ రంగస్థలం మెట్ల మీద ఊరికే కూర్చోవాలి. ఏ స్పాటూ "కవర్" చేయక్కర్లేదు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఎక్కడైనా కాసేపు కూర్చుందామంటే "త్వరగా త్వరగా" అని తరిమే ప్లాన్‌ని విహారయాత్ర అంటారా? పోయిన ఏడాది శ్రీశైలంలోనూ ఇదే చేశారు. పాపం, ఆవిడ కారు దిగేసరికి కాళ్లు వాచిపోయాయి. "అమ్మకి అన్నీ చూపించాం" అని అందరికీ చెప్పుకున్నారు. ఆవిడ ఏం చూసిందో ఒక్కరైనా అడిగారా?

అసలు మరిదిని అని ఏం లాభం, మాకు బడిలోనే ఇలా నేర్పారు. హైస్కూల్లో సాగర్‌కి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లారు. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, రాతికట్టడం, కుడి కాలవ, ఎడమ కాలవ అని నోటుబుక్కులో రాయించారు. పరీక్షలో అడిగారు కూడా. ఈ నీళ్ల కింద ఒక రాజధాని ఉందని ఒక్క సారూ చెప్పలేదు. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువని చెప్పలేదు. బోధిసిరి అనే ఆవిడ రాణి కాదు, ఒక గృహిణి. ఆవిడ ఇక్కడ బౌద్ధుల ప్రార్థనా మందిరం, అంటే చైత్యగృహం కట్టించి, శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లు చెక్కించిందని మాకు తెలియనే తెలియదు. ఆడపిల్లలం సగం మంది ఉన్న క్లాసు! మాకు బోధిసిరి పేరొక్కటి చెప్పి ఉంటే ఎంత గర్వంగా ఉండేది! నాకు ఆ పేరు పెళ్లయి పిల్లలు పుట్టాక తెలిసింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గదు కూడా.

ఇది చదివేవాళ్లలో టీచర్లుంటే ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి పిల్లల్ని సాగర్ తీసుకెళ్తే ముందు అనుపులో బస్సు ఆపించండి. ఆ మెట్ల మీద కూర్చోబెట్టి బోధిసిరి గురించి చెప్పండి. ఆనకట్ట ఎత్తు తర్వాత రాయించొచ్చు.