పది మంది సంఘం, పాతిక లక్షలు, ఒక నీలం ఫైలు

మా పదో తరగతి గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి ఎవరి పెళ్లికో పెట్టి మూసెయ్యడం మర్చిపోయిన గ్రూపులో కూడా ఇదే మెసేజ్. పంపినవాళ్లలో ఇద్దరు టీచర్లు, ఒకాయన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. ఇంతకీ అందులో ఉన్నది ఇది:

"కేంద్రం ప్రతి ఊరికీ కోట్లు ఇస్తోంది. సర్పంచ్‌తో, గ్రామసభతో పనిలేదు. పదిమంది సంఘంగా ఏర్పడి ప్రాజెక్ట్ రిపోర్టు పెడితే పాతిక లక్షలు నేరుగా మీ ఖాతాలోకే. రోడ్డు, గుడి, ఆర్చి, దేనికైనా వాడుకోవచ్చు. ఎంపీ నిధులకూ ఇదే పద్ధతి. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి. రిపోర్టు మేమే రాసిస్తాం, ఫీజు నామమాత్రం."

కోట్ల లెక్క ముందు తేల్చేద్దాం, అది తేలిక. 2021-26 మధ్య ఐదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 15వ ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు ఎవరికెంత పంచాలో చెప్పేది) సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. అంకె చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. రెండున్నర లక్షల పంచాయతీలకు సమానంగా పంచి చూడండి. ఒక్కోదానికి ఐదేళ్లకు కలిపి కోటి కూడా నిండదు. ఏడాదికి సుమారు 19 లక్షలు. మండల, జిల్లా పరిషత్తుల వాటా కూడా అందులోంచే పోవాలి. ఆ ఐదేళ్ల డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. తక్కిన 40 శాతంలోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. మరి వీధికో సంఘానికి పాతిక లక్షలు ఎక్కణ్ణుంచి ఊడిపడతాయో ఆ బ్యాంకు ఆఫీసరుగారే చెప్పాలి.

"నేరుగా మీ ఖాతాలోకే" అట. ఆర్థిక సంఘం డబ్బు వచ్చేది పంచాయతీ ఖాతాకి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ పంచాయతీకే రాదు. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లిన తెలంగాణ పంచాయతీల్లో పనిచేసిన కార్యదర్శుల్ని అడగండి, ట్రాక్టర్ డీజిల్‌కి ఎంత అవస్థపడ్డారో. ఊరి పంచాయతీకే రాకుండా ఆగిన డబ్బు మీ పదిమందికి వస్తుందా?

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, నిజమే. కానీ ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు. మంజూరు, పని జిల్లా యంత్రాంగానివి. రిజిస్టరైన సొసైటీకి అందులో భవనం కట్టించే వీలుంది, కాకపోతే అది కనీసం మూడేళ్లుగా సేవాకార్యక్రమాలు చేస్తూ ఉండాలి. మొన్న మంగళవారం వాట్సాప్‌లో పుట్టిన సంఘానికి కాదు. గుడికి ఆ నిధులు వాడకూడదు. మార్చి 31 భయం కూడా ఉత్తదే, ఎంపీ నిధులు మురిగిపోవు.

ఇక నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, "గ్రామసభతో పనిలేదు" అన్న ముక్క దగ్గర.

మా అమ్మవాళ్ల ఊళ్లో ఒక గ్రామసభకి వెళ్లాను. బడి వరండాలో కుర్చీలు ఇరవై, మనుషులు పద్నాలుగు. కార్యదర్శి రిజిస్టరు చూసి పనులు చదువుతున్నారు: ఫలానా వార్డులో పైపులైను, ఫలానా చోట సీసీ రోడ్డు. ఒకాయన పింఛను గురించి గొడవ, ఇంకొకాయన పక్కింటి చెట్టు గురించి. మా వీధిలో మురుగు కాలువ పూడిపోయి, వానొస్తే గడప దాకా నీళ్లొస్తాయి. మా వీధి నుంచి వచ్చింది నేనొక్కణ్ణే, నాకేమో ఆ ఊళ్లో ఓటు లేదు. కాలువ మాట ఎవరూ ఎత్తలేదు. ఊరి పనుల ప్లాన్‌లోకి రాలేదు. మరుసటేడు మా మేనమామ పంచాయతీ ఆఫీసుకెళ్లి అరిస్తే, "సభలో అడిగారా?" అని ఒక్క ప్రశ్న. మామయ్య దగ్గర జవాబు లేదు.

మీరు రాయాల్సిన దరఖాస్తు ఆ సభకే. తెల్లకాగితం మీద పని పేరు, చోటు, ఎన్ని ఇళ్లకు ఉపయోగమో రాసి రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీర్మానంలో రాశారో లేదో చదివించుకోండి. ఆ తర్వాతే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎస్టిమేటు, పని, ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు. 2020లో మొదలైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ ప్లాన్, చెల్లింపులు ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అక్కడ కనిపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో ఆ దరఖాస్తుకి ఫీజు కూడా లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ రాసినవాడికి గ్రామసభలంటే ఉన్న వెటకారం ఊరికే పుట్టలేదు. చాలా సభలు తూతూమంత్రమే. కోరం, అంటే సభకి ఉండాల్సిన కనీస హాజరు, నిండకపోతే రిజిస్టరు సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతుంది. మా ఇంటికీ వచ్చింది, టీ తాగుతూ అమ్మ సంతకం పెట్టింది, నేను పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. పోనీ ప్లాన్ సరిగ్గా రాసుకున్నా డబ్బు దక్కని రోజులున్నాయి: 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచులే రోడ్డెక్కారు. కాబట్టి సభకి వెళ్తే పనైపోతుందని నేను చెప్పను. వెళ్లకపోతే మాత్రం మీ వీధి ఆ రిజిస్టరులో ఉండదు.

"ఫీజు నామమాత్రం" దగ్గరికి వద్దాం. మా పిన్ని పొదుపు సంఘంలో పదిమంది తలా ఐదువందలు వేసుకుని ఇచ్చారు. బదులుగా ఒక నీలం ప్లాస్టిక్ ఫైలు వచ్చింది. పై పేజీలో రంగుల్లో జాతీయ జెండా, లోపల పదకొండు పేజీల "ప్రాజెక్ట్ రిపోర్టు". మూడో పేజీలో వేరే జిల్లాలోని ఊరి పేరు చెరపడం మర్చిపోయారు. పిన్నికి ఇంగ్లీషు రాదు కాబట్టి పట్టుకోలేదు. ఫార్వర్డ్ చేసిన మన టీచర్లకు వచ్చుగా, వాళ్లేం చదివారో మరి.

రసీదు అడిగితే ఇవ్వలేదట. ఇప్పుడు ఆ నంబరు పలకడం లేదు. మీ ఇళ్లల్లో ఎవరైనా ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ చెరిపెయ్యకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. మా పిన్నివాళ్లు చేతికే ఇచ్చారు, అందుకని స్టేషన్‌కి ఆ నీలం ఫైలే పట్టుకెళ్తున్నాం.