పెదనాన్నా నమస్తే, అత్తయ్యా నమస్తే

నిన్న సాయంత్రం మావారి స్నేహితుడు భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. మామూలు రోజుల్లో అయితే మా చిన్నది "హాయ్ అంకుల్, హాయ్ ఆంటీ" అనేసి ఆటల్లోకి పోయేది. కానీ ప్రస్తుతం మా ఇంట్లో ఆ రెండు మాటల మీదా నిషేధం ఉంది. మావారి పెద్దమ్మగారు నాలుగు రోజులు ఉండి వెళ్దామని వచ్చి, వచ్చిన పూటే "వరస పెట్టి పిలవడం రాదా దీనికి? ఊరందరూ అంకుళ్ళేనా?" అని ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు ఆవిడది, అమలు నాది. మావారు ఫోన్‌లోంచి తలెత్తకుండా "అవునవును, నేర్పాలి" అన్నారు. ఎవరు నేర్పాలో మాత్రం చెప్పలేదు.

బెల్ మోగేలోపు సోఫా మీద బట్టలు లోపల పడేస్తూనే దానికి కోచింగ్ ఇచ్చాను. ఆయన మావారి కంటే కొన్ని నెలలు పెద్ద, కాబట్టి పెదనాన్న. ఆవిణ్ణి నేను మొదటినుంచీ వదినా అంటాను, కాబట్టి అత్తయ్య. విడివిడిగా చూస్తే రెండూ సలక్షణంగా ఉన్నాయి కదా!

తలుపు తీశాను. ఆయన ఒక బూటు విప్పి రెండోదాని లేసు లాగుతున్నాడు. మా చిన్నది రెండు చేతులూ జోడించి, స్కూల్లో ప్రేయర్ చెప్పినంత గట్టిగా "పెదనాన్నా నమస్తే, అత్తయ్యా నమస్తే" అంది.

"హవ్వ!" అన్నారు లోపల్నుంచి పెద్దమ్మగారు. "బంగారంలాంటి మొగుడూ పెళ్ళాల్ని అన్నాచెల్లెళ్ళని చేసిపారేసిందే!"

ఆయన చేతిలో లేసు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ కాస్త వివరం అవసరం. మన వరసల్లో నాన్న అన్నదమ్ములు, అమ్మ అక్కచెల్లెళ్ళు ఒక గట్టున ఉంటారు. వాళ్ళ పిల్లలు మనకి అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. నాన్న తోడబుట్టిన ఆడవాళ్ళు, అమ్మ తోడబుట్టిన మగవాళ్ళు అవతలి గట్టున. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు. భార్యాభర్తలు ఎప్పుడూ ఒకే గట్టున ఉండాలి. పెదనాన్న పక్కన పెద్దమ్మ, బాబాయి పక్కన పిన్ని, మావయ్య పక్కన అత్తయ్య. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు లోకంలోని బంధుత్వాలన్నీ పోగేసి 1871లో అచ్చు వేయించిన పట్టికల్లో తమిళం వరసలతో పాటు మన తెలుగు వరసలూ ఉన్నాయి. ఆయన ప్రశాంతంగా కూర్చుని రాసుకున్నాడు. గుమ్మంలో అతిథిని ఒంటికాలి మీద నిలబెట్టుకుని లెక్క కట్టాల్సిన అగత్యం ఆయనకి రాలేదు.

అతిథులు కూర్చున్నారో లేదో, పెద్దమ్మగారు దిద్దుబాటు మొదలుపెట్టారు. "ఆయన పెదనాన్న అయితే ఈ అమ్మాయి పెద్దమ్మ అవుతుంది."

గది నిశ్శబ్దమైపోయింది. ఆవిడ నాకంటే చిన్నది. ఒకసారి ఎవరి పిల్లో పెద్దమ్మా అని పిలిచినందుకు ఆ పూటంతా అద్దం దగ్గరే ఉండిపోయిన మనిషి. ఇప్పుడు కూడా చెయ్యి నెమ్మదిగా చెవి దగ్గర వెంట్రుకల మీదికి వెళ్ళింది.

"పోనీ పిన్ని అనిపిద్దాం" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆయన మొహం మాడిపోయింది. "అప్పుడు నేను బాబాయినా? వీడి కంటే పెద్దవాణ్ణి, నేను బాబాయినెలా అవుతాను?" కొన్ని నెలల పెద్దరికానికి ఇంత పట్టుదల ఉంటుందని నేనెరగను.

"అయితే మావయ్య, అత్తయ్య. గొడవ వదిలిపోతుంది" అన్నారు మావారు. సాయంత్రం మొత్తం మీద ఆయన చేసిన సాయం అదొక్కటే. దాంతో పెద్దమ్మగారి చూపు వాళ్ళబ్బాయి మీద పడింది. అంతవరకూ పట్టించుకోని ఆ కుర్రాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "అయితే వీడు దీనికి బావన్నమాట. ఈడూ జోడూ..." అని మొదలుపెట్టారు. ఆ ఈడూ జోడూ అప్పటికి కార్పెట్ మీద ఒక బొమ్మ జీపు కోసం జుట్లు పట్టుకుని ఉన్నారు. ఇద్దరికీ ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. పెద్దవాళ్ళకి ఆ తొందరేమిటో నాకెప్పటికీ అర్థం కాదు. వాళ్ళమ్మ చటుక్కున లేచి కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. సంబంధం ఖాయమైపోతుందన్నంత భయంగా పట్టుకుంది.

టీ ఎప్పుడిచ్చానో, ఎవరు తాగారో గుర్తు లేదు. ఈ ఇంట్లో అంకుల్ అన్న మాటని నేనింత మిస్సవుతానని అనుకోలేదు. పెద్దా చిన్నా తేడా లేదు, ఏ గట్టో అడగదు, ఎవరికీ పెళ్ళి చెయ్యదు.

బయల్దేరేటప్పుడు మావారు మర్యాదగా "టాటా చెప్పమ్మా" అన్నారు. అది నా వంక చూసింది. నేను మావారి వంక చూశాను. మావారు ఫోన్ వంక చూశారు. చివరికి అదే ఆలోచించుకుని, ఆ కుర్రాడి వైపు వేలు చూపిస్తూ "వీడి వాళ్ళ నాన్నకి టాటా, వీడి వాళ్ళమ్మకి టాటా" అంది.

"వీడేమిటే, వీడు!" అని గయ్యిమన్నారు పెద్దమ్మగారు. "నీకంటే పెద్దవాడు. చక్కగా..."

అక్కడే ఆగిపోయారు. అన్నయ్య అనాలో బావ అనాలో ఆవిడకీ తేలలేదు. ఆవిడ లెక్క మళ్ళీ మొదలుపెట్టేలోపు నేను లిఫ్ట్ బటన్ నొక్కేశాను.