కథల్లోని ఉమ్మడి కుటుంబం గారికి

మహారాజశ్రీ ఉమ్మడి కుటుంబం గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

తమరికేం, క్షేమంగానే ఉంటారు. ఊళ్లో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లినా, దీపావళి సంచికల్లో తమరికి అద్దె లేని గది ఎప్పుడూ ఉంటుంది.

మొన్న ఆదివారం తమరి గౌరవార్థం మా ఊళ్లో సభ పెట్టారు. సాహిత్యంలో కుటుంబ విలువలట. పదింటికన్నారు, పదకొండున్నరకి జ్యోతి వెలిగింది. వేదిక మీద అందరూ మగవాళ్లే. ప్రతి ఒక్కరూ "రెండే రెండు మాటలు చెప్పి కూర్చుంటాను" అంటూ లేచారు, ఒక్కరూ కూర్చోలేదు. నాకు పావుగంట ఇస్తామని ఆహ్వానపత్రికలో పేరు కూడా వేశారు. రెండున్నరకి చేతికో చీటీ వచ్చింది: "అమ్మా, టైము లేదు, వందన సమర్పణ చేసెయ్యండి." మైకు అబ్బాయికీ, భోజనాల వాళ్లకీ కృతజ్ఞతలు చెప్పి దిగాను. ఆ పావుగంట ఇప్పుడు వాడుకుంటున్నాను. తమరు పడక్కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

తమరి మండువా లోగిలి బాగుంటుంది. ఆరుబయట నులక మంచాలు, వేసవి సెలవులకి దిగిన పిల్లలు, తాతయ్య చెప్పే భారతం, అన్నీ బాగుంటాయి. అన్నదమ్ముల పోరు మీద నడిచే భారతాన్ని కుటుంబ ఐకమత్యానికి పాఠంగా చెప్పడం ఎలాగో తమరికే తెలియాలి. ఇల్లు ముక్కలైతే తప్పు ఎప్పుడూ పట్నం నుంచి వచ్చిన చిన్న కోడలిదే. పంపకాల కాగితం మీద సంతకాలు పెట్టిన అన్నదమ్ములు మాత్రం పాపం అమాయకులు.

అవన్నీ పోనివ్వండి. నా బాధ ఆవకాయ గురించి.

తమరి ప్రతి కథలోనూ కొత్తావకాయ ఘట్టం ఉంటుంది. వేడన్నంలో నెయ్యి, పెద్ద కంచం చుట్టూ పిల్లలు, చేతిలో పెట్టే ముద్దలు. రాసినాయన అక్కడ కళ్లు తుడుచుకుంటాడు, చదివే మేమూ తుడుచుకుంటాం. ఆ ముక్కలు తుడిచిందెవరండీ? బుట్టెడు కాయలు కొట్టించాక ప్రతి ముక్కకీ జీడి తీయాలి, టెంకకి అంటుకున్న పొర గీకాలి, పొడి గుడ్డతో తుడవాలి. ఒక్క ముక్క తడిగా ఉన్నా జాడీ అంతా బూజు పడుతుంది. ఆవపిండీ కారమూ కలిపిన చెయ్యి రాత్రికి మండిపోతుంటే ఆవిడ నిద్రపోయిందా? అసలావిడ ఆ పూట ఏం తిన్నది? ముద్దల సంగతి మూడు పేజీలు రాసినాయనకి దానికి ఒక్క వాక్యం దొరకలేదు. ఆవిడకి పేరు కూడా లేదు, నాయనమ్మ, అంతే. తాతయ్యకి ఇంటిపేరూ, గోత్రమూ, ఎకరాల లెక్కా ఉంటాయి. పులుసులో ఉప్పెక్కువైందని కంచం తోసేసి లేచిపోయే ఆ పెద్దాయన్ని 'ముక్కుసూటి మనిషి' అని రాసుకుంటారు.

ఎకరాలంటే గుర్తొచ్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినప్పుడు కూడా తమరి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకీ సమాన వాటా అని 1986లో చట్టం సవరించారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన వాళ్లకి మళ్లీ గుండుసున్నా. దేశమంతటికీ ఆ హక్కు వచ్చేసరికి 2005 అయింది. అన్నాళ్లూ "మన ఇల్లు, మన పొలం" అన్న మాటలు ఏ ధైర్యంతో ఆడవాళ్ల నోట పలికించారు స్వామీ?

పెద్ద రచయితలు తమరిని మొయ్యలేదని తమరికీ తెలుసు. 1897లో అచ్చయిన గురజాడ కన్యాశుల్కం నాటకంలో కన్నతండ్రే సుబ్బిని ముసలాయనకి పద్ధెనిమిది వందలకి బేరం పెడతాడు. వద్దని చెప్పి లాభం లేక తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. తమరి అసలు ఫొటో అదీ. ఆదివారంనాటి వక్త గిరీశం డైలాగులు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు గానీ, ఆ నుయ్యి జోలికి పోలేదు. ఆ గురజాడే 1910లో దిద్దుబాటు కథ రాశారు. సానిమేళం మోజులో అర్ధరాత్రి ఇంటికొచ్చే మొగుడికి బుద్ధి చెప్పాలని కమలిని, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం పెట్టింది. తీరా చూస్తే మంచం కిందే ఉంది. ఎంత చదువుకున్నా కథలో ఇల్లాలు అలిగి పోగలిగిన దూరం అంత! 1927లో చలం గారి మైదానం నవలలో రాజేశ్వరి నిజంగానే గడప దాటింది. ఆవిణ్ణి ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.

మర్యాదకి 'తమరు' అంటూ వచ్చాను, ఇక చాలు. నువ్వు తిన్న కంచం ఎన్నడైనా ఎత్తావా? ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషిని త్యాగమూర్తి అన్నావు, అన్నపూర్ణ అన్నావు. ఆకలేస్తోందా అని అడిగావా? పొగడ్తలతో పని కానిచ్చుకోవడం నీ దగ్గరే నేర్చుకోవాలి.

ఇంత తిట్టినా, నీ ఆవకాయ పేజీ వస్తే నాకు నోరూరుతుంది, అదొక ఖర్మ. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఫొటో తీసి పంపుతాను కూడా. అది ఏడుపు బొమ్మలు నాలుగు పెట్టి, "నాయనమ్మ పేరేంటక్కా?" అని అడుగుతుంది. మా నాన్నని అడిగితే కాసేపు ఆలోచించి, రేషన్ కార్డు వెతుకుతానన్నాడు.

వచ్చే దీపావళి సంచికలో నీ కథ ఎలాగూ పడుతుంది. అందులో ఆవిడకో పేరు పెట్టు. ముక్కలు తుడవడానికి తాతయ్యని పిలువు. రాకపోతే, రాలేదని రాయి.

ఇట్లు,
ఒకానొక పెద్ద కోడలు